గర్భకాలగణన: అనుగ్రహానికా, ఆరోపణకా?



ముప్పది సంవత్సరాలుగా దేవాలయంలో అర్చకత్వం చేస్తున్నవానికి కొన్ని ప్రశ్నలు మాటిమాటికీ ఎదురవుతాయి. వివాహమైన కొత్తలో పెద్దలు వచ్చి అడిగేది ఒకటి: "పంతులుగారూ, గర్భాధానానికి మంచి రోజు చూడండి." కొన్ని మాసాలు గడచిన పిమ్మట అదే పెద్దలు గొంతు తగ్గించి అడిగేది మరొకటి: "ముహూర్తంలో లోపం ఏమైనా ఉన్నదా? లేక అమ్మాయిలోనే ఏదైనా దోషమా?" మొదటి ప్రశ్నకు పంచాంగం విప్పి సమాధానం చెప్పడం గురువులు నాకు నేర్పారు. రెండవ ప్రశ్నకు ఎటువంటి సమాధానం చెప్పకూడదో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించినది నేను కాదు. అందువల్లనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నేను చెప్పదలచినది ఒక్కటే. శాస్త్రం గర్భధారణకు కాలాన్ని నిర్దేశించినది దంపతులను మనసా వచసా శరీరేణ సిద్ధపరచడానికి. ఆ కాలాన్నే పట్టుకొని, అనంతరం ఒక స్త్రీని విచారణకు నిలబెట్టడం శాస్త్రం కాదు. అది శాస్త్రం పేరిట జరిగే అన్యాయం.

ఆరు వారాల కాగితం

కొన్ని సంవత్సరాల క్రిందట ఒక గృహస్థు సాయంకాల నివేదన ముగిసిన తరువాత ఆసుపత్రి కాగితం పట్టుకొని వచ్చాడు. ఆయన కుమారునికి వివాహం చేయించినవాడను నేనే. "అయ్యగారూ, మీరు పెళ్ళి చేయించి నేటికి సరిగ్గా ముప్పై రోజులు. ఇందులో చూస్తే ఆరు వారాల గర్భం అని రాశారు. ఇంట్లో ఒకటే గొడవ. మీరే చెప్పాలి" అన్నాడు. కోడలు మండపం మెట్లమీద ఒదిగి కూర్చొని ఉన్నది. అక్షతలు వేసినవారిని ఆశీర్వదిస్తూ చూసిన ముఖం అది. ఆనాడు తల ఎత్తలేదు.

నాకు సమాధానం తెలియదు. మంత్రభాగం కంఠస్థమైన నాకు ఈ చిన్న గణితం తెలియదు. ఆలయానికి వచ్చే ఒక వృద్ధ వైద్యురాలికి ఫోను చేసి, ఆయన వినేటట్లు అడిగాను. ఆమె రెండు నిమిషాలలో తేల్చివేసినది. గర్భాన్ని వైద్యులు లెక్కించేది సంగమదినం నుండి కాదు, చివరిసారి బహిష్టు అయిన మొదటి దినం నుండి. ఆ అమ్మాయి వివాహానికి 12 రోజుల ముందు బహిష్టు అయినది. 12, 30 కలిపితే 42 రోజులు. అదే ఆరు వారాలు. వాస్తవంగా గర్భం ఏర్పడి నాలుగు వారాలే అయినది. మొదటి రెండు వారాలు లెక్కలో ఉన్నవే గాని గర్భంలో లేవు.

ఆ గృహస్థు సిగ్గుపడ్డాడు. మంచివాడు, కోడలి దగ్గరకు వెళ్ళి "తప్పయింది తల్లీ" అన్నాడు. అప్పటికే ఆమె ఆ ఇంట మూడు దినాలు దోషిగా బ్రతికినది. ఆ మూడు దినాలను ఏ పూజ వెనక్కి ఇస్తుంది?

ఋతుకాలం: లెక్క ఎక్కడ ఆరంభమవుతుంది?

విచిత్రమేమనగా, ఆ వైద్యురాలు చెప్పిన లెక్కకు మూలసూత్రం మన ధర్మశాస్త్రంలోనే ఉన్నది. గర్భాధానం షోడశసంస్కారాలలో ప్రథమం. మనుస్మృతి, యాజ్ఞవల్క్యస్మృతి రజోదర్శనం మొదలుకొని 16 రాత్రులను ఋతుకాలంగా చెప్పాయి. మనువు వానిలో మొదటి నాలుగింటిని, పదకొండవ, పదమూడవ రాత్రులను విడిచి, తక్కిన పదింటిని ప్రశస్తమన్నాడు. సుశ్రుతసంహిత శారీరస్థానం ఋతుకాలాన్ని 12 రాత్రులుగా గ్రహించి, ఆ కాలం గడచిన పిమ్మట గర్భద్వారం సాయంవేళ కమలం వలె ముడుచుకొంటుందని ఉపమించింది. ఈ రాత్రులు స్థిరపడిన తరువాతనే పర్వతిథులను, మఘ, మూలా నక్షత్రాలను వర్జించడం వంటి నియమాలు వస్తాయి.

ఈ క్రమాన్ని గమనించండి. గణన స్త్రీ దేహం నుండి ఆరంభమవుతుంది. పంచాంగం దానిని అనుసరించి వస్తుంది. నేడు మనం చేస్తున్నది తద్విరుద్ధం. ముందు కల్యాణమండపం ఖాళీ చూస్తాము. పిదప వరుని సెలవులు చూస్తాము. ఆ మీదట పంచాంగం. వధువు దేహస్థితిని అడిగేవారే ఉండరు. నిర్ణయించిన రాత్రికి ఆమె బహిష్టులో ఉంటే, తల్లి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకొని వచ్చి, "ఏదో ఒకటి సర్దండి పంతులుగారూ" అని బ్రతిమాలడం ఎన్నిసార్లు చూశానో. ఇప్పుడు నేను పంచాంగం విప్పకముందే తల్లిగారి ద్వారా రెండు సంగతులు అడిగిస్తున్నాను: అమ్మాయికి బహిష్టు అయిన దినం ఏది, అప్పుడే సంతానం కావాలని ఆ దంపతులకు ఉన్నదా. రెండవది తెలియకుండా చేసే సంకల్పం ఎవరి సంకల్పం?

సుశ్రుతుడు మరొక మహత్తరమైన మాట అన్నాడు. మొలక పుట్టడానికి ఋతువు, క్షేత్రం, నీరు, బీజం నాలుగూ కూడవలసినట్లే గర్భానికి కూడా ఈ నాలుగూ కూడవలెనని. ఈ నాలుగింటిలో కాలం ఒకటి మాత్రమే. బీజమన్నప్పుడు పురుషుని భాగం కూడా ఉన్నది. సంతానలేమితో బాధపడే జంటలలో ఇంచుమించు సగం సందర్భాలలో పురుషుని వైపు కూడా కారణం ఉంటుందని వైద్యులు చెబుతారు. అటువంటప్పుడు ప్రదక్షిణలు, ఉపవాసాలు, మొక్కులు కోడలికి మాత్రమే ఎందుకు? విత్తు మొలవకపోతే రైతు పొలాన్ని ఒక్కదానినే తిడతాడా? విత్తనాన్ని కూడా పరీక్షిస్తాడు.

ఆధునికులు కొలిచిన ఆరు దినాలు

ఇప్పుడు వైద్యశాస్త్రం ఏమన్నదో చూద్దాం. అండం విడుదల అయిన తరువాత ఒక దినానికి మించి నిలువదు. శుక్రకణాలు స్త్రీ దేహంలో అయిదు దినాల వరకు సజీవంగా ఉండగలవు. కనుక గర్భం నిలిచే అవకాశం అండం విడుదలయ్యే దినంతో ముగిసే ఆరు దినాలలోనే ఉన్నదని విల్‌కాక్స్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1995లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటించారు. 28 దినాల ఋతుచక్రం కల స్త్రీకి అండవిడుదల సుమారు పదునాలుగవ దినాన జరుగుతుంది. ఆమెకు ఆ ఆరు దినాలు తొమ్మిది నుండి పదునాలుగు వరకు వస్తాయి. అవి స్మృతులు చెప్పిన పదహారు రాత్రుల లోపలివే.

ఇది వినగానే మనలో కొందరు "మన ఋషులకు అన్నీ ముందే తెలుసు" అని చేతులు తట్టుతారు. వారిని కాస్త ఆగమని కోరుతున్నాను. అండవిడుదల తరువాతి బహిష్టుకు సుమారు 14 దినాల ముందు జరుగుతుంది. 35 దినాల చక్రం కల స్త్రీకి అది ఇరువది ఒకటవ దినం ప్రాంతం. ఆమెకు స్మృతి చెప్పిన పదహారు రాత్రులలో పదహారవది మాత్రమే ఆ ఆరు దినాలలో పడుతుంది. ఋషులు అధికసంఖ్యాకులను గమనించి సామాన్యనియమం చెప్పారు. ఆ సామాన్యనియమాన్ని ప్రతి దేహం మీదా రుద్ది, ఫలించనప్పుడు "ఈమెకు యోగం లేదు" అనడం ఋషుల అభిప్రాయం కాదు.

యుగ్మరాత్రులలో పుత్రుడు, అయుగ్మరాత్రులలో పుత్రిక అనే మాట కూడా స్మృతులలో ఉన్నది. దీనిని నన్ను అడగని కుటుంబం అరుదు. నా సమాధానం సూటిగా చెబుతున్నాను. శిశువు లింగాన్ని నిర్ణయించేది తండ్రి బీజంలోని క్రోమోజోము. రాత్రి సంఖ్య కాదు. ఇంకొక అడుగు ముందుకు వేసి గర్భస్థశిశువు లింగం తెలుసుకోగోరేవారికి, 1994 నాటి చట్టం ప్రకారం అది నేరమని, ధర్మం ప్రకారం పాపమని చెప్పి పంపుతున్నాను. అమ్మవారిని సింహాసనం మీద నిలిపి అర్చించే చేతులతో ఆడశిశువు రాకుండా ముహూర్తం వ్రాసి ఇవ్వలేను.

స్మృతివాక్యాన్ని కాదనడం అపచారం కాదా అని కొందరు అడిగారు. ప్రత్యక్షంతో తెలిసే విషయంలో ప్రత్యక్షమే ప్రమాణమన్నది మన మర్యాద. అగ్ని చల్లనిదని నూరు శ్రుతులు చెప్పినా అవి ప్రమాణం కాజాలవని శంకరభగవత్పాదులు గీతాభాష్యంలో స్పష్టం చేశారు. శ్రుతికే ఆ హద్దు ఉన్నప్పుడు స్మృతికి ఉండదా? దేహం ఎలా పనిచేస్తుందో వైద్యుని అడగవలె. దేహాన్ని ఏ భావంతో చూడవలెనో శాస్త్రాన్ని అడగవలె.

ఎవరికీ తెలియని ఎనిమిది దినాలు

బీజం, అండం కలిసేది గర్భాశయంలో కాదు, అండవాహికలో. అక్కడ ఏకమైన కణం రెండై, నాలుగై, విభజన చెందుతూ మెల్లగా గర్భాశయం వైపు ప్రయాణిస్తుంది. అయిదారు దినాలకు లోపల ద్రవం నిండిన చిన్న బుడగ వంటి రూపాన్ని పొందుతుంది. ఆ పిమ్మట గర్భాశయపు లోగోడలో పాదుకొంటుంది. పైన చెప్పిన పరిశోధకులే 1999లో ఈ పాదుకొనే కాలాన్ని కూడా ప్రకటించారు. నిలిచిన గర్భాలలో అది అండవిడుదల తరువాత 6 నుండి 12 దినాల మధ్య జరిగింది. నూటికి 84 గర్భాలలో ఎనిమిది, తొమ్మిది, పది దినాలలోనే జరిగింది.

గర్భోపనిషత్తు చదివినవారికి ఇక్కడ రోమాంచం కలుగుతుంది. ఒక రాత్రికి కలలం, ఏడు రాత్రులకు బుద్బుదం, అర్ధమాసానికి పిండం, మాసానికి కఠినం, రెండు మాసాలకు శిరస్సు అని ఆ ఉపనిషత్తు క్రమం చెప్పింది. బుద్బుదమనగా నీటిబుడగయే. శ్రీమద్భాగవతం తృతీయస్కంధంలో కపిలమహర్షి తన తల్లి దేవహూతికి చెప్పిన క్రమంలో బుద్బుదం అయిదు రాత్రులకే వస్తుంది. పది దినాలకు రేగుపండంత అవుతుంది. ఒకటి ఏడు అన్నది, మరొకటి అయిదు అన్నది. ఈ భేదమే మనకు ఒక పాఠం. ఈ గ్రంథాలు ప్రయోగశాల నివేదికలు కావు. మలమూత్రాల నడుమ తలక్రిందులుగా ఉన్న జీవుడు తన గతజన్మలను స్మరించి పరమాత్మను వేడుకొనే ఘట్టానికి మనను తీసుకొనిపోవడం వాని ప్రయోజనం. వైరాగ్యం కోసం చెప్పిన దానిని పోటీపరీక్షలో మార్కుల కోసం వాడితే ఉపనిషత్తు చిన్నబోతుంది.

నా మనసును పట్టి ఉంచేది వేరొకటి. కలయిక మొదలు పాదుకొనేవరకు ఉన్న ఆ ఎనిమిది దినాలలో గర్భం సంగతి తల్లికి తెలియదు. భర్తకు తెలియదు. ఏ పరీక్షలోనూ తేలదు. జాతకచక్రం ముందు పెట్టుకొని కూర్చున్న నాకు అసలే తెలియదు. ఆ స్త్రీ వంట చేస్తుంది, బస్సెక్కుతుంది, కార్యాలయానికి వెళుతుంది, బిందె ఎత్తుతుంది. ఆ కణసమూహం నిలుస్తుందో లేదో ఆమె చేతిలో లేదు. అది ఈశ్వరుని ఏకాంతం. ఆ ఏకాంతంలో జరిగినదానికి ఆమెను సంజాయిషీ అడిగే అధికారం ఏ అత్తగారికి ఉన్నది? ఏ అర్చకునికి ఉన్నది?

లక్షణాలు చెప్పేవి, చెప్పలేనివి

సద్యోగృహీతగర్భ లక్షణాలను ఆయుర్వేదాచార్యులు సూక్ష్మంగా గమనించారు. నోట నీరూరడం, దేహం బరువెక్కడం, అవయవాలు వాలిపోవడం, మగత, తృప్తి అని చరకుడు అన్నాడు. అలసట, దప్పిక, తొడల నీరసం అని సుశ్రుతుడు అన్నాడు. మన ఇళ్ళలోని పెద్ద ముత్తైదువలు కోడలి ముఖం చూసి "నీళ్ళోసుకున్నట్లున్నది" అనేది ఈ పరంపర నుండి వచ్చిన చూపుతోనే.

కాని ఒక జాగ్రత్త. అండవిడుదల తరువాత గర్భం ఉన్నా లేకున్నా ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ దేహంలో పెరుగుతుంది. అలసట, రొమ్ముల నొప్పి, కడుపుబ్బరం, మగత దానివల్ల కూడా కలుగుతాయి. కనుక నెల తప్పకముందే కనిపించే లక్షణాలు నిర్ణాయకాలు కావు. అవి ఉన్నాయని సంబరపడి, బహిష్టు కాగానే కుంగిపోయే యువతులు ఎందరో. గర్భం పాదుకొన్న తరువాతనే హెచ్‌సీజీ అనే హార్మోన్ పుడుతుంది. ఇంటిలో చేసుకొనే పరీక్ష చూసేది దానినే. అందుచేత నెల తప్పిన దినం వరకు ఓర్పు పట్టి పరీక్షించుకోవడం ఉత్తమం. ముందే చేసి లేదని తేలితే, కొన్ని దినాలకు మళ్ళీ చేసుకోవచ్చును. వేవిళ్ళు సాధారణంగా ఆ తరువాతి వారాలలో వస్తాయి. రాకపోయినంత మాత్రాన గర్భం బలహీనమని అర్థం కాదు.

పాదుకొనే రోజులలో కొందరికి స్వల్పంగా రక్తపు మరక కనిపించవచ్చు, అధికులకు కనిపించదు. నెల తప్పిన తరువాత రక్తస్రావం అధికమైనా, పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా అది అండవాహికలో నిలిచిన గర్భం కావచ్చును. అది ప్రాణాపాయం. రాహుకాలం, వర్జ్యం, శాంతిహోమం అన్నీ ప్రక్కనపెట్టి తక్షణం ఆసుపత్రికి తీసుకొనివెళ్ళండి. దేవుడు దానికి కోపించడు. గర్భం కోరే స్త్రీ ముందునుండే, గర్భం వచ్చిన తరువాత 12 వారాల వరకు, వైద్యుల సలహాపై దినానికి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలని చెబుతారు. శిశువు వెన్నుపాము తల్లికి గర్భం సంగతి తెలిసీ తెలియని దినాలలోనే రూపుదిద్దుకొంటుంది. గర్భాధానసంకల్పం చెప్పించే ప్రతి పురోహితుడూ ఈ ఒక్క మాట కూడా చెబితే, ఆ సంస్కారం ఇంకా సార్థకమవుతుంది.

నా అపరాధం

ఇప్పుడు నా సంగతి చెప్పుకొంటాను. చాలా సంవత్సరాల క్రిందట నేను ముహూర్తం పెట్టిన ఒక దంపతులకు ఏడవ వారంలో గర్భస్రావమైనది. అత్తగారు ఆ అమ్మాయిని వెంటపెట్టుకొని వచ్చి ధ్వజస్తంభం దగ్గర నిలబెట్టి, "ముహూర్తం మీరే పెట్టారు, మరి ఇలా ఎందుకయింది?" అని అడిగింది. నా ముహూర్తంలో లోపం ఉన్నదనిపించుకోవడానికి నా అహంకారం ఒప్పుకోలేదు. "ముహూర్తం నిర్దుష్టమమ్మా. అమ్మాయి నక్షత్రానికి చిన్న దోషం ఉన్నది, శాంతి చేయిద్దాం" అన్నాను. అందులో దోషాన్ని నేను శాస్త్రంలో చూడలేదు. నా గౌరవాన్ని కాపాడుకొనేందుకు దానిని ఆమె తలమీద పెట్టాను.

శాంతి జరిగింది. దక్షిణ కూడా తీసుకొన్నాను. రెండు సంవత్సరాల తరువాత ఆమె పాపను ఎత్తుకొని అన్నప్రాశనకు వచ్చింది. ప్రసాదం ఇస్తుండగా నెమ్మదిగా అడిగింది: "పంతులుగారూ, నా దోషం దీనికి తగలదు కదా?" అప్పటికి ఆమెకు పుట్టిన బిడ్డ నవ్వుతోంది. ఆమె మాత్రం నేను పలికిన ఒక అసత్యాన్ని రెండేళ్ళుగా మోస్తోంది. "నీలో ఏ దోషమూ లేదు తల్లీ, ఆనాడు నేనే తప్పు పలికాను" అని గర్భాలయం ముందు చెప్పాను. అది చెప్పడానికి నాకు రెండేళ్ళు ఎందుకు పట్టిందని నేటికీ నన్ను నేను ప్రశ్నించుకొంటాను.

1999 నాటి ఆ పరిశోధనలోనే, ప్రతిదినం పరీక్షిస్తూ కనుగొన్న 189 గర్భాలలో 48 ఆరు వారాలైనా నిండకుండానే పోయాయి. నాలుగింట ఒకటి. అందులో ఎన్నో ఆ స్త్రీలు బహిష్టు కాస్త ఆలస్యమైనదనుకొన్నవే. తొలిమాసాలలో పోయే గర్భాలలో సగం లేక అంతకు మించి, పిండంలోని క్రోమోజోముల లోపం వల్లనే పోతాయి. తల్లి బిందె ఎత్తినందుకు కాదు, గడపమీద కూర్చున్నందుకు కాదు, గుడి మెట్లు ఎక్కినందుకు కాదు.

మన పూర్వులకు ఈ దుఃఖం తెలియనిది కాదు. నాలుగవ మాసం వరకు పోయినదానిని స్రావమని, అయిదు, ఆరు మాసాలలో పోయినదానిని పాతమని సుశ్రుతుడు వేరుచేసి చెప్పాడు. గర్భం ఎన్ని మాసాలదో అన్ని రాత్రుల శౌచకాలాన్ని మనువు తల్లికి చెప్పాడు. అక్కడ అపరాధవిచారణ లేదు. ఆ రాత్రులను నేను ఆమెకు విశ్రాంతిగా, ఆమె దుఃఖానికి శాస్త్రం ఇచ్చిన గుర్తింపుగా గ్రహిస్తున్నాను. మనమేమో ఆ రాత్రులను కూడా ఆమెకు ఇవ్వకుండా, మరుసటి వారమే "మళ్ళీ ఎప్పుడు?" అని అడుగుతున్నాము.

దితి కథ చివరివరకు చదవండి

కాలదోషం గురించి మాట్లాడినప్పుడల్లా పెద్దలు దితి కథను ఉదాహరిస్తారు. సంధ్యాసమయమని, ఒక ముహూర్తం ఆగమని కశ్యపప్రజాపతి చెప్పినా ఆమె ఆగలేదు. ఫలితంగా హిరణ్యాక్ష హిరణ్యకశిపులు జన్మించారు. "చూశారా, అకాలంలో జరిగితే ఎంత అనర్థమో" అని కథను అక్కడ ఆపివేస్తారు.

భాగవతం అక్కడ ఆగలేదు. దితి పశ్చాత్తాపపడగా కశ్యపుడు ఆమెను ఓదార్చి, నీ మనుమడు భగవద్భక్తులలో అగ్రగణ్యుడవుతాడని వరమిచ్చాడు. ఆ మనుమడే ప్రహ్లాదుడు. అకాలంలో నిలిచిన గర్భం నుండి పుట్టినవాని కుమారుని కోసమే నారసింహుడు స్తంభం నుండి ఆవిర్భవించాడు. ముహూర్తదోషం ఒక వంశాన్ని శాశ్వతంగా బంధించగలిగితే ప్రహ్లాదుడు పుట్టకూడదు. కాలం ఈశ్వరునికి లోబడినది. ఈశ్వరుడు కాలానికి లోబడడు. దితిని నిందించడానికి ఆ కథను వాడేవారు, ప్రహ్లాదుని తమ ఇంటినుండి తామే వెళ్ళగొట్టుతున్నారు.

ఇక మనం చేయవలసినది

"అలాగైతే ముహూర్తం ఎందుకు?" అని మీరు అడగవచ్చు. నేను ముహూర్తం పెట్టడం మానలేదు, మానను. మంచి దినాన స్నానం చేసి, దైవాన్ని స్మరించి, తమ ద్వారా ఒక జీవుడు రాబోతున్నాడనే వినయంతో దంపతులు దగ్గరకావడం గొప్ప సంస్కారం. కామాన్ని ధర్మంతో ముడివేసే ముడి అది. కాని అది ప్రార్థన, ఒప్పందపత్రం కాదు. ప్రార్థన ఫలించలేదని ఎవరిమీదా వ్యాజ్యం వేయము.

అత్తమామలకు నా మనవి: గర్భాన్ని నిలిపేవానిలో సౌమనస్యం శ్రేష్ఠమని చరకుడు చెప్పాడు. మనసు కలతపడినందువల్లనే గర్భం పోయిందని దీనికి వక్రార్థం తీయకండి. కోడలి మనసును ప్రసన్నంగా ఉంచవలసిన బాధ్యత ఇంటివారిదని దీని భావం. గర్భిణిని నిండు తైలపాత్ర వలె చూసుకోమని చెప్పినది కూడా ఆయనే. ఆ మాట పాత్రకు చెప్పినది కాదు, పట్టుకొన్న చేతులకు చెప్పినది.

భర్తలకు: నెలలు లెక్కపెట్టే పని భార్యకు వదలకండి. వైద్యుని దగ్గరకు వెళ్ళవలసి వస్తే ఇద్దరూ వెళ్ళండి. ఉపవాసం ఉండవలసి వస్తే ఇద్దరూ ఉండండి.

గర్భం నిలువని తల్లులకు: మీరు చేసిన పాపం కాదు ఇది. ఒకటికి రెండుసార్లు జరిగితే తప్పక పరీక్షలు చేయించుకోండి. గుడికి రావాలనిపిస్తే రండి. ఏ శాంతీ అవసరం లేదు. దీపం దగ్గర కాసేపు కూర్చోండి. కన్నీరు వస్తే రానివ్వండి.

నా తోటి అర్చకులకు, పురోహితులకు చివరిగా ఒక మాట. మన నోట వెలువడే "దోషం" అనే పదం ఆసుపత్రి కాగితం కన్నా లోతుగా దిగబడుతుంది. కాగితం చినుగుతుంది, మన మాట చినగదు. తెలిసినది తెలుసునని, తెలియనిది తెలియదని చెప్పడానికి సిగ్గుపడవద్దు. "ఎందుకు పోయింది?" అని అడిగినప్పుడు నేను ఇప్పుడు చెప్పేది ఇంతే: "అమ్మాయి దోషం కాదు. ముందు ఆమెకు అన్నం పెట్టండి."

శుభం భూయాత్.